లినక్స్ ల్యాప్‌టాప్ స్పీకర్ పలకడం లేదా? శబ్దం ఎక్కడ ఆగిందో పట్టుకోవడం ఎలా

కాలేజీ పిల్లల ల్యాప్‌టాప్‌లకు ఉబుంటు, మింట్ లాంటి లినక్స్ రకాలు ఎక్కించి ఇవ్వడం మొదలుపెట్టిన దగ్గర్నుంచి నాకు వచ్చే ఫోన్లు చాలావరకు ఒకే మాటతో మొదలవుతాయి. "అన్నా, అంతా బాగానే ఉంది, సౌండ్ మాత్రం రావట్లేదు." మా విశాఖలోనే మద్దిలపాలెం హాస్టల్ నుంచి ఒకరు, గాజువాక నుంచి ఇంకొకరు. రేపు పొద్దున ఆన్‌లైన్ ఇంటర్వ్యూ ఉందని రాత్రి పదకొండింటికి టెన్షన్‌తో చేసేవాళ్లూ ఉంటారు. ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పేదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

మొదలుపెట్టే ముందు ఒక్కమాట గట్టిగా చెప్పాలి. శబ్దం ఎక్కడ ఆగిపోతోందో తెలియకుండా ఏదీ మార్చకండి. పాట ముందు ప్లేయర్ లోంచి బయటికి వస్తుంది. దాన్ని సౌండ్ సర్వీస్ అందుకుని కెర్నల్‌లోని (లినక్స్‌కు గుండెకాయ లాంటి భాగం) డ్రైవర్‌కు, అంటే చిప్‌ను నడిపే ప్రోగ్రామ్‌కు ఇస్తుంది. అక్కడి నుంచి చిప్‌కు, చివరికి స్పీకర్‌కు చేరుతుంది. దారిలో ఎక్కడో ఒకచోట తెగింది. ఎక్కడ తెగిందో చూడకుండా ఎవరో చెప్పిన పది కమాండ్లు కొడితే ఉన్న సమస్య అలాగే ఉంటుంది, దాని మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది.

కావలసినవి

- పనిచేస్తుందని ఖాయంగా తెలిసిన వైర్ ఇయర్‌ఫోన్స్ ఒక జత. ఫోన్‌కు పెట్టి ముందే ఒకసారి విని చూసుకోండి.
- ఇంటర్నెట్. వైఫై లేకపోతే ఫోన్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో కలిపి టెథరింగ్ ఆన్ చేస్తే చాలు.
- మీ యూజర్ పాస్‌వర్డ్.
- కాగితం, పెన్ను. మార్చిన ప్రతిదీ రాసుకోవడానికి. దీన్ని వదిలేయకండి.
- ఉబుంటు ఎక్కించినప్పటి పెన్‌డ్రైవ్ ఇంకా ఉంటే దగ్గర పెట్టుకోండి.
- ఆరో మెట్టు దాకా వెళ్లాల్సి వస్తే మెడికల్ షాపులోనో మొబైల్ రిపేర్ షాపులోనో దొరికే ఐసోప్రొపైల్ ఆల్కహాల్.

కమాండ్లను ఫోన్లో చెప్పినట్టే తెలుగులో పలికి రాస్తున్నాను. టెర్మినల్‌లో, అంటే కమాండ్లు కొట్టే విండోలో, అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి. "స్పేస్" అన్నచోట ఒక ఖాళీ, "మైనస్" అన్నచోట అడ్డగీత. ఉబుంటులో కంట్రోల్, ఆల్ట్, టీ కలిపి నొక్కితే టెర్మినల్ తెరుచుకుంటుంది.

1. స్పీకర్ తప్పా, సిస్టమ్ తప్పా తేల్చుకోండి

ఇయర్‌ఫోన్స్ పెట్టి ఏదైనా పాట పెట్టండి. ఇయర్‌ఫోన్స్‌లో వినబడి స్పీకర్‌లో వినబడకపోతే సగం దారి బాగున్నట్టే. సర్వీసు, డ్రైవర్ రెండూ పనిచేస్తున్నాయి. మీరు 4, 5, 6 మెట్లు శ్రద్ధగా చూడాలి, అప్పటికీ పలకకపోతే 8. రెండింట్లోనూ నిశ్శబ్దమే అయితే 2 నుంచి వరసగా రండి.

స్పీకరే పోయిందేమోనన్న అనుమానం ఉంటే ఆపరేటింగ్ సిస్టమ్ జోలికి వెళ్లకుండానే తేల్చుకోవచ్చు. డెల్ మెషీన్ ఆన్ చేసేటప్పుడు ఎఫ్12 నొక్కి డయాగ్నొస్టిక్స్ ఎంచుకోండి. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఆపై ఎఫ్2. ఆ పరీక్షలో స్పీకర్ లోంచి శబ్దం వచ్చిందంటే వస్తువు బాగుంది, మన పని సాఫ్ట్‌వేర్‌లోనే. ఇంకో మార్గం, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి ఇన్‌స్టాల్ చేయకుండా "ట్రై ఉబుంటు" పెట్టి పాట వినడం. అక్కడ వినిపించి మీ సిస్టమ్‌లో వినిపించకపోతే చెడింది స్పీకర్ కాదు, మీ సిస్టమ్‌లోని సాఫ్ట్‌వేరో సెట్టింగులో.

2. శబ్దం వేరే చోటికి పోతోందేమో చూడండి

సెట్టింగ్స్‌లో సౌండ్ తెరిచి అవుట్‌పుట్ దగ్గర ఏముందో చదవండి. హెచ్‌డీఎంఐ అని ఉంటే, నిన్న టీవీకో మానిటర్‌కో కలిపినప్పుడు శబ్దం అటు వెళ్లి అక్కడే ఉండిపోయింది. బ్లూటూత్ ఇయర్‌బడ్స్ పేరు ఉంటే అవి పక్కగదిలో ఎవరి చెవిలోనో పలుకుతూ ఉండవచ్చు. జాబితాలోంచి స్పీకర్స్ ఎంచుకుని పక్కనున్న టెస్ట్ బటన్ నొక్కండి. ఎడమ, కుడి విడివిడిగా పలకాలి.

ఆ జాబితాలో "డమ్మీ అవుట్‌పుట్" ఒక్కటే ఉంటే సిస్టమ్‌కు సౌండ్ కార్డే కనిపించడం లేదు. ముందు 3వ మెట్టు చివర్లో ఉన్న సౌండ్ సర్వీస్ రీస్టార్ట్ చేసి చూడండి. అయినా మారకపోతే నేరుగా 7కి వెళ్లండి. మిక్సర్లతో కుస్తీ పట్టినా లాభం లేదు.

3. గీత కదులుతోందా?

ఈ చిన్న పరీక్ష నాకు అన్నిటికంటే ఎక్కువగా పనికొచ్చింది. టెర్మినల్‌లో సుడో, స్పేస్, ఆప్ట్, స్పేస్, ఇన్‌స్టాల్, స్పేస్, పావూకంట్రోల్ అని కొట్టండి. సుడో (ఎస్, యూ, డీ, ఓ) అంటే అడ్మిన్ అధికారంతో నడపమని, మీ పాస్‌వర్డ్ అడుగుతుంది. ఆప్ట్ అంటే ఏ, పీ, టీ. పావూకంట్రోల్ స్పెల్లింగ్: పీ, ఏ, వీ, యూ, ఆ వెంటనే కంట్రోల్, మధ్యలో ఖాళీ లేకుండా. ఇన్‌స్టాల్ అయ్యాక అదే పేరు కొడితే ఒక విండో వస్తుంది.

పాట నడుస్తుండగా అందులో అవుట్‌పుట్ డివైసెస్ ట్యాబ్ చూడండి. వాల్యూమ్ కింద సన్నని గీత పాటకు తగ్గట్టు ఊగుతుంటే శబ్దం అక్కడిదాకా వచ్చింది, తెగింది దాని కిందే. 4కి వెళ్లండి. గీత కదలకపోతే తెగింది పైన. అప్పుడు ప్లేబ్యాక్ ట్యాబ్‌లో మీ బ్రౌజర్ పేరు కనబడుతోందా, దాని పక్కన మ్యూట్ గుర్తు నొక్కి ఉందా, అది వేరే డివైస్‌కు పోతోందా చూడండి. బ్రౌజర్‌లో ఆ ఒక్క ట్యాబ్ మ్యూట్ అయి ఉండటం కూడా తరచూ జరిగేదే.

అదే విండోలో చివరిది కాన్ఫిగరేషన్ ట్యాబ్. అక్కడ ప్రొఫైల్ "ఆఫ్" అని ఉంటే అనలాగ్ స్టీరియో డ్యూప్లెక్స్‌కు మార్చండి. ఒక్కోసారి పని ఇక్కడితోనే అయిపోతుంది.

ఏదీ ఫలించకపోతే సౌండ్ సర్వీసును మళ్లీ మొదలుపెట్టండి. ఉబుంటు 22.10 నుంచి సౌండ్ సర్వీసుగా పైప్‌వైర్ వాడుతున్నారు. కమాండ్ ఇది: సిస్టమ్‌సీటీఎల్, స్పేస్, రెండు మైనస్‌లు పెట్టి యూజర్, స్పేస్, రీస్టార్ట్, స్పేస్, పైప్‌వైర్, స్పేస్, పైప్‌వైర్ మైనస్ పల్స్, స్పేస్, వైర్‌ప్లంబర్. 22.04లో ఉన్నది పాత పల్స్ఆడియో కాబట్టి అక్కడ పల్స్ఆడియో, స్పేస్, మైనస్, కే చాలు. ఈ రెండింటికీ ముందు సుడో పెట్టకండి. ఇవి మీ యూజర్ పేరు మీద నడిచే సర్వీసులు. సుడో పెడితే కమాండ్ రూట్ యూజర్ వైపు పోతుంది, మీ సర్వీసు మాత్రం కదలదు.

4. ఆల్సామిక్సర్‌లో మూసుకుపోయిన తలుపులు తెరవండి

ఏ, ఎల్, ఎస్, ఏ, ఆ వెంటనే మిక్సర్ అని కొట్టండి. నిలువు స్తంభాలతో ఒక తెర వస్తుంది. చాలామంది ఇక్కడే పొరపడతారు. మొదట కనిపించేది అసలు కార్డు కాదు, సౌండ్ సర్వీస్ చూపించే ఒక్క మాస్టర్ స్తంభమే. ఎఫ్6 నొక్కి అసలు కార్డును ఎంచుకోవాలి. ఎఫ్6 నొక్కితే వెలుతురో వాల్యూమో మారుతుంటే ఎఫ్‌ఎన్ కీ పట్టుకుని నొక్కండి. ఇంటెల్ మెషీన్లలో హెచ్‌డీఏ ఇంటెల్ పీసీహెచ్ అనో, ఎస్ఓఎఫ్ అని మొదలయ్యే పేరో ఉంటుంది. ఏఎండీలో హెచ్‌డీ ఆడియో జనరిక్ అని రెండు కనబడవచ్చు. వాటిలో ఒకటి హెచ్‌డీఎంఐది. లోపలికి వెళ్లాక స్పీకర్ అనే స్తంభం ఉన్నదే మనకు కావాల్సింది.

స్తంభం అడుగున రెండు "ఎం"లు ఉంటే మ్యూట్‌లో ఉన్నట్టు, రెండు సున్నాలు ఉంటే తెరిచి ఉన్నట్టు. ఎడమ, కుడి బాణాలతో మాస్టర్, స్పీకర్, పీసీఎం దగ్గరికి వెళ్లి ఎం కీతో మ్యూట్ తీయండి, పై బాణంతో పెంచండి. ఇయర్‌ఫోన్స్ చెవిలో ఉండగా మాత్రం పెంచకండి. తలుపు ఒక్కసారిగా తెరుచుకుంటే చెవికి దెబ్బ.

వినబడిందా? ఎస్కేప్‌తో బయటికి వచ్చి సుడో, స్పేస్, ఆల్సాసీటీఎల్, స్పేస్, స్టోర్ అని కొట్టి దాచుకోండి.

5. ఆటో మ్యూట్

అదే తెరలో కుడివైపు చివరికి వెళ్తే కొన్ని మెషీన్లలో ఆటో మ్యూట్ మోడ్ అని ఉంటుంది. ఇయర్‌ఫోన్స్ పెట్టగానే స్పీకర్ ఆగిపోయేది దీనివల్లే. ఇయర్‌ఫోన్స్ తీసేసి ఉండగా దీన్ని డిసేబుల్డ్‌కు మార్చండి. వెంటనే స్పీకర్ పలికితే దొంగ దొరికాడు. ఏమీ గుచ్చకపోయినా గుచ్చి ఉందని మీ ల్యాప్‌టాప్ అనుకుంటోంది. అంటే తప్పు జాక్‌లో ఉంది.

ఈ మీట అందరికీ ఉండదు. లేనివాళ్లు పావూకంట్రోల్ అవుట్‌పుట్ డివైసెస్‌లో పోర్ట్ అనే జాబితా తెరవండి. ఖాళీ జాక్‌తోనే హెడ్‌ఫోన్స్ పక్కన "ప్లగ్డ్ ఇన్" అని ఉంటే అర్థం అదే. అక్కడే స్పీకర్స్ ఎంచుకుని చూడండి, తాత్కాలికంగా పనైపోవచ్చు.

6. జాక్: మన ఊళ్లో దీన్ని తప్పక చూడాలి

కిటికీ గ్రిల్లుకు ఎంత మంచి పెయింట్ వేసినా రెండు మూడేళ్లకు తుప్పు పొరలు లేస్తాయని బీచ్ వైపు ఇళ్లల్లో ఉన్నవాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. పెదవాల్తేరు అయినా, జాలారిపేట వైపు అయినా, భీమిలి రోడ్డు పొడుగునా కట్టిన ఫ్లాట్లయినా ఉప్పుగాలి ఒక్కటే. గ్రిల్లును తినే ఆ గాలే ల్యాప్‌టాప్ జాక్ లోపలి సన్నని రేకును కూడా తింటుంది. ఇయర్‌ఫోన్ పిన్ను లోపలికి వెళ్లినప్పుడు ఆ రేకు జరిగి "ఏదో గుచ్చారు" అని చిప్‌కు చెబుతుంది. దానికి పొక్కు పట్టినా, దుమ్మూ చెమ్మా కలిసి గడ్డకట్టినా అదే మాట చెబుతూ ఉండిపోతుంది. చిప్ ఆ మాట నమ్మి స్పీకర్‌ను ఆపేస్తుంది.

సీతమ్మధార నుంచి ఒక అమ్మాయి తెచ్చిన ల్యాప్‌టాప్ నాకు బాగా గుర్తు. ఒక షాపులో మదర్‌బోర్డు మార్చాలన్నారట. తెలిసినవాళ్లు లినక్స్ తీసేసి విండోస్ వేయమన్నారట. తను సెమిస్టర్ ప్రాజెక్టు పనంతా ఉబుంటులోనే పెట్టుకుంది. ఆటో మ్యూట్ ఆపగానే స్పీకర్ పలికింది. జాక్ శుభ్రం చేశాక ఆటో మ్యూట్ మళ్లీ ఆన్ చేసినా పలికింది. ఖర్చయింది కొన్ని చుక్కల ఆల్కహాల్. అందుకే బోర్డు మార్చమని ఎవరన్నా చెప్పినప్పుడు ముందు ఈ మెట్టు చేసి రమ్మంటాను.

ఇలా చేయండి:

ల్యాప్‌టాప్ పూర్తిగా షట్‌డౌన్ చేసి చార్జర్ తీయండి. స్లీప్‌లో పెట్టి చేయవద్దు. ఇయర్‌ఫోన్ పిన్నును ఆల్కహాల్‌తో తడిపిన గుడ్డతో తుడవండి. పిన్ను మీద తడి కనిపించాలి గానీ చుక్క జారకూడదు. దాన్ని జాక్‌లో పెట్టి తిప్పుతూ పది పదిహేనుసార్లు తీసి పెట్టండి. మధ్యలో పిన్ను తుడిచి మళ్లీ తడపండి. గుడ్డ మీద నల్లటి, పచ్చటి మరక దిగితే సరైన చోటే ఉన్నారు. తర్వాత అరగంట ఆరనిచ్చి ఆన్ చేయండి.

నీళ్లు వాడకండి. చేతులకు రాసుకునే శానిటైజర్ కూడా వద్దు, అందులోని గ్లిజరిన్ లోపల జిగురులా మిగిలిపోతుంది. పిన్నీసు, అగ్గిపుల్ల, సూది లోపలికి దూర్చకండి. రేకు వంగితే ఆల్కహాల్‌తో తిరిగి రాదు.

శుభ్రం చేసినా మొండికేస్తే రెండు దారులున్నాయి. ఆటో మ్యూట్‌ను శాశ్వతంగా డిసేబుల్డ్‌లో ఉంచుకుని, ఇయర్‌ఫోన్స్ పెట్టినప్పుడు స్పీకర్‌ను చేత్తో తగ్గించుకోవడం ఒకటి. రెండోది ఆల్సా టూల్స్ జీయూఐ ప్యాకేజీలో వచ్చే హెచ్‌డీఏ జాక్ రీటాస్క్ అనే పనిముట్టు. అందులో హెడ్‌ఫోన్ పిన్నుకు ఓవర్‌రైడ్ టిక్ పెట్టి "నాట్ కనెక్టెడ్" ఎంచుకుని, ఇన్‌స్టాల్ బూట్ ఓవర్‌రైడ్ నొక్కి రీస్టార్ట్ చేస్తే చిప్ జాక్ మాట వినడం మానేస్తుంది. ఆ జాక్ ఇక పనిచేయదు, యూఎస్‌బీ లేదా బ్లూటూత్ ఇయర్‌ఫోన్స్ వాడుకోవాలి. వద్దనుకుంటే రిమూవ్ బూట్ ఓవర్‌రైడ్ నొక్కితే పాత స్థితికి వస్తుంది.

7. డమ్మీ అవుట్‌పుట్ వస్తే

ఏప్లే, స్పేస్, మైనస్, ఎల్ అని కొట్టండి. ఏప్లే అంటే ఏ, పీ, ఎల్, ఏ, వై. కార్డుల జాబితా వస్తే డ్రైవర్ బాగుంది, 3వ మెట్టులోని సర్వీస్ రీస్టార్ట్ మళ్లీ చేయండి. "నో సౌండ్‌కార్డ్స్ ఫౌండ్" అని వస్తే కెర్నల్‌కే కార్డు దొరకలేదు.

విండోస్ కూడా ఉన్న మెషీనైతే ముందు దాని సంగతి చూడండి. విండోస్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా పూర్తిగా ఆగదు, సౌండ్ చిప్‌ను సగం నిద్రలో వదిలేస్తుంది. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కండి. చార్జర్ తీసి, పవర్ బటన్ ముప్పై సెకన్లు నొక్కి పట్టుకుని, అప్పుడు ఉబుంటులోకి రండి.

ఇంటెల్ కొత్త ల్యాప్‌టాప్‌లలో సౌండ్ చిప్‌కు ఎస్ఓఎఫ్ అనే ఫర్మ్‌వేర్ ఫైలు (చిప్ లోపల నడిచే చిన్న ప్రోగ్రామ్) కావాలి. సుడో, స్పేస్, డీమెసేజ్ కొట్టి ఎస్ఓఎఫ్, ఫర్మ్‌వేర్ అన్న మాటలున్న లైన్లు వెతకండి. డీమెసేజ్ స్పెల్లింగ్ డీ, ఎం, ఈ, ఎస్, జీ. ఫైలు దొరకలేదన్న ఎర్రర్ ఉంటే ఉబుంటులోనూ డెబియన్‌లోనూ ఫర్మ్‌వేర్ మైనస్ ఎస్ఓఎఫ్ మైనస్ సైన్డ్, ఫెడోరాలో ఆల్సా మైనస్ ఎస్ఓఎఫ్ మైనస్ ఫర్మ్‌వేర్ ప్యాకేజీని ఇన్‌స్టాల్ చేయండి. ఉబుంటులో అది ముందే ఉంటుంది కాబట్టి ఇన్‌స్టాల్ తర్వాత రెండు మైనస్‌లు పెట్టి రీఇన్‌స్టాల్ అని చేర్చండి. ఆ తర్వాత పూర్తి షట్‌డౌన్.

నిన్నటిదాకా పలికి, అప్‌డేట్ తర్వాత ఆగిపోయిందా? బూట్ అయ్యేటప్పుడు గ్రబ్ మెనూలో (దేనితో మొదలవ్వాలో అడిగే తెర) అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్లి పాత కెర్నల్ ఎంచుకోండి. అందులో పలికితే కొన్నాళ్లు దానితోనే ఉండండి, తర్వాతి అప్‌డేట్ వచ్చాక మళ్లీ ప్రయత్నించండి.

ఇంటెల్ డీఎస్పీ (శబ్దం పని చూసే చిప్ భాగం) డ్రైవర్‌ను పాత పద్ధతికి మార్చే సెట్టింగు ఒకటి చాలామంది సలహా ఇస్తారు. దానివల్ల స్పీకర్ వచ్చినా ల్యాప్‌టాప్ లోపలి మైక్ పోయే అవకాశం ఉంది. ఇంటర్వ్యూ ముందురోజు అసలు చేయకండి.

8. కొత్త మెషీన్, ఇయర్‌ఫోన్స్ పలుకుతాయి, స్పీకర్ మాత్రం పలకదు

జాక్ బాగుంది, మ్యూట్ లేదు, అయినా ఇదే పరిస్థితి అంటే స్పీకర్‌కు విడిగా ఆంప్లిఫయర్ చిప్ ఉండి ఉండవచ్చు. సిరస్ లాజిక్, టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్‌లు ఇలా వస్తున్నాయి. వీటికి కెర్నల్‌లో విడిగా సపోర్ట్ రావాలి. మీరు చేయగలిగింది ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లు వచ్చే) ఉబుంటులో కొత్త హెచ్‌డబ్ల్యూఈ కెర్నల్ (కొత్త మెషీన్ల కోసం ఇచ్చేది) వేసుకోవడం. లేదా కొత్త వెర్షన్ పెన్‌డ్రైవ్‌లో పెట్టి అక్కడ పలుకుతుందేమో వినడం. అంతవరకు కొన్ని వందల రూపాయల్లో దొరికే యూఎస్‌బీ సౌండ్ కార్డు, మామూలు స్పీకర్లు కలిపితే డ్రైవర్ అక్కర్లేకుండా నడుస్తాయి.

9. టప్‌టప్ శబ్దం, పాట మొదటి అక్షరం మింగేయడం

చాలాసార్లు ఇది కరెంటు ఆదా చేయడానికి సౌండ్ చిప్ నిద్రపోవడం. ఈటీసీ (ఈ, టీ, సీ) ఫోల్డర్ లోపలి మోడ్‌ప్రోబ్ డాట్ డీ ఫోల్డర్‌లో డాట్ కాన్ఫ్‌తో ముగిసే కొత్త ఫైలు పెట్టి ఒకే లైను రాయండి: ఆప్షన్స్, స్పేస్, ఎస్ఎన్‌డీ అండర్‌స్కోర్ హెచ్‌డీఏ అండర్‌స్కోర్ ఇంటెల్, స్పేస్, పవర్ అండర్‌స్కోర్ సేవ్ ఈక్వల్ 0. రీస్టార్ట్ చేయండి. బ్యాటరీ కొంచెం ఎక్కువ ఖర్చవుతుంది. పేరులో ఇంటెల్ అని ఉన్నా చాలా ఏఎండీ మెషీన్లకూ ఇదే డ్రైవర్.

శబ్దం మరీ తక్కువగా ఉందని సెట్టింగ్స్‌లో ఓవర్ యాంప్లిఫికేషన్ ఆన్ చేసి గంటలకొద్దీ వాడకండి. చిన్న స్పీకర్ల పొర దెబ్బతిని బొంగురు గొంతు రావచ్చు.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

పైప్‌వైర్ ఉన్నచోట పల్స్ఆడియో మళ్లీ ఇన్‌స్టాల్ చేయడం అన్నిటికంటే పెద్దది. రెండూ ఒకే కార్డు కోసం పోట్లాడతాయి. రెండోది, ఒకేసారి నాలుగు మార్పులు చేసి ఏది పనిచేసిందో తెలియకపోవడం. ఒకటి మార్చండి, వినండి, పనిచేయకపోతే వెనక్కి పెట్టి తర్వాతది చూడండి. మూడోది, ఇళ్లు మారినంత పనిగా మొత్తం సిస్టమ్‌ను తుడిచి మళ్లీ ఎక్కించడం. జాక్ చెడి ఉంటే పదిసార్లు ఎక్కించినా స్పీకర్ పలకదు, ఫైళ్లు మాత్రం పోతాయి.

నిజంగా బాగైందా?

ఒకసారి పలికింది కదా అని వదిలేయకండి. స్పీకర్ మైనస్ టెస్ట్, స్పేస్, మైనస్ టీ, స్పేస్, డబ్ల్యూఏవీ, స్పేస్, మైనస్ సీ, స్పేస్, 2 అని కొట్టండి. "ఫ్రంట్ లెఫ్ట్" ఎడమ నుంచి, "ఫ్రంట్ రైట్" కుడి నుంచి రావాలి. కంట్రోల్, సీ నొక్కితే ఆగుతుంది. ఆపై రీస్టార్ట్ చేసి వినండి. మూత మూసి ఐదు నిమిషాల తర్వాత తెరిచి వినండి. ఇయర్‌ఫోన్స్ పెట్టి తీసి వినండి. చార్జర్ లేకుండా బ్యాటరీ మీద వినండి. ఈ నాలుగింట్లో ఏ ఒక్కదానిలో ఆగినా, ఎక్కడ ఆగిందో కాగితం మీద రాసి ఉంచండి. నాకు ఫోన్ చేసినా, షాపుకు తీసుకెళ్లినా ముందు అడిగేది అదే.